దారి భోజనం: పొయ్యి దగ్గర ఎవరున్నారో చూసి కూర్చోండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం హైవే హోటళ్లు, బొగ్గుల మీద కాల్చిన మాంసం గురించే. అన్నీ మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్లు రాసినవే అయినా ఒకటి మాత్రం అమెరికా దాకా వెళ్లింది. కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట. నేను వంటవాణ్ణి కాదు. మందుల కంపెనీ ఉద్యోగంలో ఇరవై ఏళ్లు విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా, ఇటు సాలూరు దాకా బైకు మీద తిరిగాను. రోజూ ఒక పూట బయటే తినాల్సి వచ్చింది. నేను చెప్పేదంతా ఆ తిరుగుడులో తెలిసిందే.

ప్రశ్న: అన్నగారూ, వచ్చే నెల కారులో ఇచ్ఛాపురం పెళ్లికి వెళ్తున్నాం. మా అత్తగారికి డెబ్బై దాటాయి, పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. హైవే మీద ఎక్కడ ఆగి తినాలి? ఫోన్లో చూస్తే అన్ని హోటళ్లకీ నాలుగు నక్షత్రాల పైనే ఉన్నాయి. మంచి పేర్లు చెప్పండి.
— ఒక బ్యాంకు ఉద్యోగిని, విజయనగరం

జవాబు: పేర్లు అడిగారు గానీ, నేను వేళలు చెబుతానమ్మా, అవే మీకు ఎక్కువ పనికొస్తాయి. రోడ్డు పక్క హోటల్‌కి బోర్డు మీద పేరు పదేళ్లు అదే ఉంటుంది, లోపల వంటమనిషి మాత్రం ఆరు నెలలకోసారి మారిపోవచ్చు, ఆయన వెళ్లిపోయాక ఆ పేరుతో మనకి పనేముంది? అదే వంటమనిషి చేతి కూర కూడా మధ్యాహ్నం పన్నెండున్నరకి ఒకలా ఉంటుంది, నాలుగింటికి ఇంకోలా ఉంటుంది.

పొద్దున్న ఆరున్నరకి బయల్దేరి నాతవలస దగ్గర పదహారో నంబరు హైవే ఎక్కారనుకోండి, రణస్థలం, ఎచ్చెర్ల దాటేలోపు టిఫిన్ వేళ అవుతుంది. ఆ టైంలో ఇడ్లీ పాత్ర మీద ఆవిరి కనబడే చోట ఆగండి. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది మధ్య ఇడ్లీ, పూరీ ఎక్కడైనా దాదాపు తాజాగానే ఉంటాయి, ఎందుకంటే అప్పుడే జనం వస్తారు, వాయి మీద వాయి దిగుతూ ఉంటుంది. మీ అత్తగారికి ఇడ్లీయే మంచిది. దారిలో పిల్లలతో ఆగుతూ నెమ్మదిగా వెళ్తే భోజనం వేళకి టెక్కలి దాటి పలాస వైపు ఉంటారు. భోజనానికి పన్నెండున్నరకల్లా కూర్చోండి, ఒంటిగంటన్నర దాటనివ్వకండి. రెండు దాటిందంటే మాంసం కూర జోలికి పోకుండా వేడివేడిగా ఆమ్లెట్ వేయించుకుని అన్నం, పప్పు, పెరుగుతో సరిపెట్టుకోండి.

లారీలు ఆగిన చోట భోజనం బాగుంటుందని అందరూ అంటారు. అందులో సగమే నిజం. లారీ డ్రైవర్‌కి బండి పెట్టుకోడానికి జాగా కావాలి, స్నానానికి నీళ్లు కావాలి, నడుం వాల్చడానికి మంచం కావాలి, ఆ మూడూ ఉన్న చోట ఆగుతాడు, కూర ఆ తరవాత సంగతి. నేనైతే ఆ ఊరి నంబరు బైకులు ఎన్ని ఉన్నాయో చూస్తాను. ఇల్లు దగ్గరే ఉండి కూడా మనిషి బయట తింటున్నాడంటే అక్కడ ఏదో ఉన్నట్టే. దూరప్రాంతం బస్సులు ఆగే చోట మాత్రం నాకు మంచి భోజనం దొరికిన సందర్భాలు తక్కువ, ఆ ప్రయాణికులు మళ్లీ రారని వాళ్లకి తెలుసు.

లోపలికి వెళ్లగానే మెనూ అడక్కండి. పొయ్యి దగ్గర ఎవరున్నారో చూడండి. ఒక మనిషి నిలబడి ఒకటో రెండో వంటలు దగ్గరుండి చూసుకుంటూ ఉంటే కూర్చోవచ్చు. పొయ్యి ఆరిపోయి, కౌంటర్ దగ్గర మాత్రం నలుగురు ఉండి, చేతికిచ్చిన కార్డులో వంద రకాలు ఉన్నాయంటే ఆ వందా ఫ్రిజ్‌లోంచి రావాల్సిందే. "ఇప్పుడు వేడిగా ఏది దిగుతుంది?" అని అడగండి, అది తినండి. పిల్లల కోసం కారం లేకుండా ఏదైనా కావాలంటే కూర్చోకముందే చెప్పాలి, వండేశాక చెబితే పంచదార కలిపి తెస్తారు.

బాత్‌రూంకి మాత్రం హోటల్‌ని నమ్ముకోకుండా పెద్ద పెట్రోల్ బంకులో ఆగండి, పెద్దావిడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. పలాసలో జీడిపప్పు కొనేట్టయితే తిరుగు ప్రయాణంలో కొనుక్కోండి, వెళ్లేటప్పుడు కొంటే పెళ్లింట్లో పంచిపెట్టి ఖాళీ చేతులతో వస్తారు. వీలుంటే మందస కోవా కూడా.

ప్రశ్న: తమ్ముడూ, మా అబ్బాయి అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటున్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా బార్బెక్యూ, బార్బెక్యూ అంటాడు, రెండు గంటలు కారు నడుపుకుని ఏదో పల్లెటూరు వెళ్లి తిన్నామని ఫొటోలు పెడతాడు. చూస్తే తురిమిన మాంసంలా ఉంది, చీకుల్లా లేదు. ఏమిటది? వచ్చే వేసవికి మేమిద్దరం వెళ్తున్నాం. మేం కోడి, మేక, చేప తప్ప ఇంకేమీ తినం, మా ఆయన శనివారం అవీ ముట్టరు. అక్కడ మాకు తినడానికి ఏమైనా ఉంటుందా?
— ఒక గృహిణి, రాజాం

జవాబు: అక్కా, మీ అబ్బాయి ఊరికే చెప్పడం లేదు. ఆ రాష్ట్రంలో వాళ్లకి అది మనకి పెళ్లిభోజనం ఎంతో అంత. ముందు ముఖ్యమైన మాట చెప్పేస్తాను. నార్త్ కరోలినాలో బార్బెక్యూ అంటే పంది మాంసం. వేరే ఏమీ చెప్పకుండా "బార్బెక్యూ ప్లేట్" అని అడిగితే అదే వస్తుంది. అదే టెక్సస్ వెళ్తే ఎద్దు మాంసం వస్తుంది, అక్కడ ఎద్దు రొమ్ము భాగాన్ని బ్రిస్కెట్ అంటారు. మీరు రెండూ తినరు కాబట్టి ఈ సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది.

చీకులకీ దానికీ తేడా ఏమిటంటే, మన బండి మీద చిన్న ముక్క, ఎర్రటి నిప్పు, ఊచ తిప్పుతూ ఉంటే నిమిషాల్లో అయిపోతుంది. వాళ్లది దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. పెద్ద పెద్ద ముక్కలు, ఒక్కోచోట పందిని పందిగానే పెట్టి, హికరీ, ఓక్ లాంటి గట్టి కర్రని నిప్పులుగా చేసి, సన్నటి సెగ మీద రాత్రంతా ఉంచేస్తారు. ముదురు మాంసంలో కండకీ కండకీ మధ్య జిగురులాంటి నార ఉంటుంది, దాన్ని పెద్ద మంట మీద పెడితే బిగుసుకుని చెప్పులా అవుతుంది, సన్న సెగ మీద గంటలకొద్దీ ఉంచితే కరిగిపోయి మాంసం చేత్తో ఊడి వస్తుంది. మీరు ఫొటోలో చూసిన తురుము అలా వచ్చిందే, మెత్తబడ్డాక కత్తులతో కొట్టి పొడి పొడిగా చేస్తారు.

ఆ ఒక్క రాష్ట్రంలోనే రెండు వర్గాలున్నాయి. తూర్పు వైపు వాళ్లు పందిని మొత్తంగా కాల్చి, వెనిగర్, ఎండుమిరప, ఉప్పు కలిపిన పుల్లటి నీళ్లు మాత్రమే పోస్తారు, టమాటా పడనివ్వరు. మధ్యలో లెక్సింగ్టన్ అనే ఊరి వైపు వాళ్లు భుజం మాంసం మాత్రమే కాల్చి, ఆ వెనిగర్‌లో కొంచెం టమాటా కెచప్ కలుపుతారు. ఆ కెచప్ మీద వాళ్లు తరాలుగా వాదించుకుంటున్నారు. పులుసులో బెల్లం వెయ్యాలా వద్దా అని మన ఇళ్లల్లో జరిగే వాదన తెలిసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. ఆ లెక్సింగ్టన్‌లో 1984 నుంచి అక్టోబరు నెలలో బార్బెక్యూ పేరుతోనే పండగ జరుగుతుంది. తూర్పున ఎయిడెన్ అనే చిన్న ఊళ్లో స్కైలైట్ ఇన్ అని 1947లో పెట్టిన హోటల్ ఉంది, దాని కప్పు మీద వాషింగ్టన్‌లోని వాళ్ల పార్లమెంటు భవనం గుమ్మటంలాంటిది కట్టుకున్నారు. కర్ర నిప్పు మీదే పందిని మొత్తంగా కాల్చడం వాళ్ల పద్ధతి. మీ అబ్బాయి రెండు గంటలు కారు నడిపింది ఇలాంటి చోటికే అయ్యుంటుంది. పక్క రాష్ట్రం సౌత్ కరోలినాలో కొన్నిచోట్ల ఆవపిండి సాస్ పోస్తారు, ఇది వింటే మన ఆవ పెట్టిన కూరలు గుర్తొచ్చి నాకు ఒకసారి రుచి చూడాలనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా తెలుసుకుని తినాలి. దక్షిణాది అమెరికాలో ఈ గుంట పొయ్యిల దగ్గర రాత్రంతా మేలుకుని ఈ పనితనాన్ని తీర్చిదిద్దిన వాళ్లలో ఎక్కువమంది బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ మనుషులు, వాళ్ల సంతతి. యజమానుల విందులకి వాళ్లు వండారు. బోర్డుల మీద పేర్లు చాలాకాలం వాళ్లవి కావు.

ఇక మీ భోజనం. అలాంటి హోటళ్లలో చాలాచోట్ల కోడి కూడా ఉంటుంది, కోడి అని గట్టిగా చెప్పి అడగండి. పక్కన క్యాబేజీ తురుముతో స్లా, మొక్కజొన్న పిండి రొట్టె, అదే పిండితో హష్ పపీ అని బూరెల్లాంటివి ఇస్తారు. బావగారి శనివారం విషయంలో మాత్రం జాగ్రత్త. ఆకుకూర, చిక్కుడు గింజల కూర చూడ్డానికి శాకాహారంలా ఉంటాయి గానీ అందులో రుచికోసం పంది ముక్క వేసి ఉడికించడం అక్కడ మామూలే. బూరెలు కూడా ఏ నూనెలో వేయించారో అడగాలి. "ఇందులో మాంసం ఉందా?" అని అడిగితే సరిపోదు, "వండేటప్పుడు పంది కొవ్వు గానీ ముక్క గానీ వేశారా?" అని మీ అబ్బాయి చేత అడిగించండి. శనివారం ఇంట్లోనే పప్పన్నం పెట్టుకుంటే అందరికీ టెన్షన్ తగ్గుతుంది.

వీలైనంత వరకు మధ్యాహ్నమే వెళ్లండి. రాత్రంతా కాల్చింది అమ్ముడైపోతే అలాంటి చోట్ల చాలామంది తలుపులు మూసేస్తారు, మళ్లీ రేపే. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. అయిపోయిందని చెప్పగలిగిన హోటల్‌ని మన దగ్గర కూడా నేను ఎక్కువ నమ్ముతాను.

ప్రశ్న: సార్, మొన్న ఎస్.కోట మీదుగా అరకు వెళ్తూ దారిలో బొంగులో చికెన్ తిన్నాం. ఒకచోట అద్భుతంగా ఉంది, ఇంకోచోట మామూలు చికెన్ ఫ్రైలా ఉంది. రెండూ బొంగులోంచే తీశారు. అసలుది ఎలా గుర్తుపట్టాలి?
— డిగ్రీ విద్యార్థి, శృంగవరపుకోట

జవాబు: బాబూ, బొంగు పచ్చిగా ఉందో ఎండిపోయిందో ముందు అది చూడు. ఆ వంటలో నూనె ఉండదు, నీళ్లు పొయ్యరు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించిన ముక్కల్ని ఒకవైపు కణుపు మూసి ఉన్న పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెడతారు. పచ్చి బొంగులో ఉండే తడి, మాంసంలోంచి ఊరే రసం కలిసి లోపల ఆవిరి అవుతుంది, ముక్క ఆ ఆవిరిలోనే ఉడుకుతుంది. బొంగు ఎండిపోయిందయితే తడి ఉండదు, బొంగే అంటుకుంటుంది. ఒకసారి వాడిన బొంగు మళ్లీ పనికిరాదు కూడా.

కాబట్టి అసలుదయితే ముక్క లేతరంగులో, తడితడిగా, రసంతో దిగుతుంది, వెదురు వాసన పలచగా తెలుస్తుంది. నువ్వు తిన్న రెండోదానిలో నూనె మెరిసిందా? ముక్క అంచులు గోధుమ రంగుకి తిరిగాయా? అయితే దాన్ని బాండీలో వండేసి బొంగులోకి ఎక్కించి, ఫొటో కోసం కాసేపు నిప్పు మీద పెట్టి ఇచ్చారన్నమాట. నేను అలా చెయ్యడం కళ్లారా చూశాను. జనం ఎక్కువ, సెలవు రోజులు, ఒక్కో బొంగుకి అరగంట ముప్పావుగంట పడుతుంది, అంతసేపు ఆగడానికి కార్లలో వచ్చినవాళ్లు ఒప్పుకోవడం లేదు. తప్పు అమ్మేవాళ్ల ఒక్కరిదే అనలేను.

అనంతగిరి దారిలో ఒక పెద్దాయన దగ్గర నేను రెండుసార్లు "అయిందా?" అని అడిగితే, "తొందరేటి బాబూ, నిప్పు ఒప్పుకోవాల కదా" అన్నాడు. బొంగు చుట్టూ ఒకే తీరుగా నల్లబడేలా తిప్పుతూ కూర్చున్నాడు, మధ్యలో లేవలేదు. మీరు నలుగురు స్నేహితులు వెళ్లేటప్పుడు ముందు బొంగు పెట్టించి, డబ్బులిచ్చి, ఆ చుట్టుపక్కల కాసేపు తిరిగి రండి. మీ కళ్ల ముందు పచ్చి మాంసం కూరి పెట్టిన బొంగే మీకు రావాలి, అంతే. అడ్డాకులో పెట్టి ఇస్తే ఇంకా మంచిది, ఆ ఆకులు ఏరి కుట్టి అమ్ముకునేది అక్కడి గిరిజన ఆడవాళ్లే.

ప్రశ్న: మీరు ప్రతిసారీ బండి తిండిని పొగుడుతూ రాస్తారు. మా ఆయన అలాగే ఒక బండి దగ్గర చికెన్ తిని మూడు రోజులు మంచం మీద ఉన్నారు. మీలాంటివాళ్లు రాసేది చదివి జనం రోగాలు తెచ్చుకుంటున్నారు. దీనికేమంటారు?
— ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: అమ్మా, మీ కోపం న్యాయమైనదే. ఆయన కోలుకున్నారని అనుకుంటున్నాను. నాకూ జరిగింది. ఒక వర్షాకాలం రాత్రి పదకొండు దాటాక ఒక దాబాలో తందూరి చికెన్ తిన్నాను, పైన నల్లగా కాలింది, ఎముక దగ్గర గులాబీ రంగులో ఉంది, ఆకలి మీద పట్టించుకోలేదు. రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకున్నాను. అప్పట్నుంచి నాకు కొన్ని నియమాలు ఉన్నాయి, అవి ఇంత గట్టిగా ముందే రాయకపోవడం నా పొరపాటు.

కోడి ముక్క లోపల 74 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడి దాటితేనే అందులోని క్రిములు చస్తాయి. బండి దగ్గర థర్మామీటర్ పెట్టి చూడలేం కాబట్టి మొదటి ముక్కని ఎముక దాకా విరిచి చూడాలి. లోపల రక్తం రంగు ఉంటే వెనక్కి ఇచ్చి మళ్లీ కాల్చమనాలి, మొహమాటపడకూడదు. పచ్చి మాంసం పట్టుకున్న చేత్తోనే కాల్చిన ముక్కలు, ఉల్లిపాయలు తీసి ఇస్తున్నాడేమో చూడాలి, నా లెక్కలో ఎక్కువ రోగాలు ఇక్కడే పుడతాయి, నిప్పు దగ్గర కాదు. పచ్చివీ కాల్చినవీ ఒకే పళ్లెంలో ఉంటే అక్కడ తినొద్దు. నీళ్లు మన సీసాలోవే తాగాలి. వానాకాలంలో కోసి పెట్టిన ఉల్లిపాయ ముక్కలు నేను తినను, నిమ్మచెక్క అడిగి పిండుకుంటాను.

ఎప్పుడైనా విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ని లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి, సగం ప్యాకెట్ అరగ్లాసులో కలపకూడదు. జ్వరం, రక్తం, మగత కనిపిస్తే ఇంట్లో ఆగొద్దు.

ఇంత జరిగినా బండ్లని వదిలెయ్యమని నేను చెప్పను. నిప్పు మన ఎదురుగా ఉంటుంది, మాంసం మన ఎదురుగా ఉంటుంది, చెయ్యి కూడా మన ఎదురుగానే ఉంటుంది. గోడ వెనక వండి తెచ్చే ఏసీ హోటల్లో ఆ మూడూ నాకు కనిపించవు.

ప్రశ్న: అన్నా, నేను పెట్రోల్ బంకులో పనిచేసి మానేశాను. విజయనగరంలో సాయంత్రం పూట చీకుల బండి, దాంతోపాటు చికెన్ పకోడి పెడదామనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక యువకుడు, నెల్లిమర్ల

జవాబు: తమ్ముడూ, మంచి పని. ఒక్క మాట, రెండూ ఒకేసారి పెట్టకు. చీకులకి నిప్పు దగ్గర ఒకడు కట్టేసినట్టు ఉండాలి, పకోడికి నూనె దగ్గర ఇంకొకడు ఉండాలి. ఒక్కడివే అయితే ఆరు నెలలు చీకులే పెట్టు.

బొగ్గులో రాజీ పడకు. సరుగుడు బొగ్గు, తుమ్మ బొగ్గు మన వైపు దొరుకుతాయి, తుమ్మ ఎక్కువసేపు నిలుస్తుంది. కిరసనాయిలు పోసి అంటించొద్దు, ఆ వాసన మొదటి వాయి మొత్తానికి పడుతుంది. కొబ్బరి పీచుతోనో ఎండు చితుకులతోనో వెలిగించి, బొగ్గు మీద తెల్లటి బూడిద పొర వచ్చేదాకా ఆగి అప్పుడు ఊచలు పెట్టు. మంట లేచినప్పుడు కాల్చితే పైన మసి, లోపల పచ్చి. పలాస వైపు నుంచి ఎవరైనా చవగ్గా జీడిపిక్కల పెంకులు తెస్తానంటే వద్దను. ఆ పెంకులో ఒళ్లు పొక్కించే నూనె ఉంటుంది, ఫ్యాక్టరీల్లో బాయిలర్లకి వాడుకుంటారేమో గానీ ఆ పొగ తగిలిన మాంసం మనిషికి పెట్టకూడదు.

మేక మాంసం అయితే ముక్కల మధ్య చిన్న కొవ్వు ముక్క గుచ్చు, అది కరిగి మిగతా ముక్కల్ని ఎండిపోకుండా కాపాడుతుంది. కార్జం వేరే ఊచకి గుచ్చు, అది తొందరగా అవుతుంది, కండతో కలిపితే రబ్బరైపోతుంది. పొద్దున్న కొట్టించిన మాంసమే తీసుకుని ఐసు పెట్టెలో ఉంచు, సాయంత్రం దాకా బయట పెట్టకు.

ఎర్ర రంగు వెయ్యకు. అందరూ వేస్తున్నారని నువ్వూ అంటావు, తెలుసు. 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం కబాబుల్లో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధించింది, జనం కూడా ఇప్పుడు రంగు చూసి వెనక్కి వెళ్తున్నారు. రంగు లేని చీకు అని అట్టముక్క మీద రాసి వేలాడదియ్యి, అదే నీ బోర్డు. పకోడి మొదలుపెట్టాక నూనె విషయంలోనూ అంతే. మరిగించిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి దేశమంతటా నిబంధన ఉంది. అంత కొలత నువ్వు చూడలేవు, నూనె నల్లబడి నురగ కడుతూ చిన్న మంటకే పొగ వస్తుంటే పారబోసి కొత్తది పొయ్యి.

కాగితాలు: ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐలో చిన్న వ్యాపారిగా రిజిస్ట్రేషన్ చేయించుకో, 14 అంకెల నంబరు వస్తుంది, దాన్ని బండి మీద కనబడేలా పెట్టు. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది, దాని ప్రకారం మున్సిపాలిటీ నుంచి గుర్తింపు తీసుకుంటే బండి ఎత్తేస్తామని ఎవరైనా వచ్చినప్పుడు నీ దగ్గర మాట్లాడ్డానికి ఒక కాగితం ఉంటుంది. వీధి వ్యాపారుల కోసం కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి పథకం కింద హామీ లేకుండా చిన్న అప్పు దొరుకుతుంది, కార్పొరేషన్ ఆఫీసులో అడుగు. పేపర్లో చుట్టి ఇవ్వకు, అచ్చు సిరా వేడి మాంసానికి అంటుకుంటుంది. విస్తరాకు ముక్క చాలు.

పైడితల్లి సిరిమానోత్సవం రోజున మొదలుపెడదామని మాత్రం అనుకోకు. ఆ రోజు జనం లక్షల్లో ఉంటారు, చెయ్యి తిరగకముందే అంత జనం మీద పడితే నిప్పు చూసుకోలేవు. ఆషాఢమో శ్రావణమో చూడకుండా ఒక మామూలు మంగళవారం ఇరవై ఊచలతో మొదలుపెట్టు. పెట్టాక నాకు ఉత్తరం రాయి, వచ్చి తింటాను.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. మీ శీర్షికలో మాకేమీ ఉండదా?
— రిటైర్డ్ టీచర్, బొబ్బిలి

జవాబు: ఉంటుందండీ. పొద్దున్న పూరీతో శనగపిండి బొంబాయి చట్నీ మన రెండు జిల్లాల్లో ఎక్కడ ఆగినా దొరుకుతుంది, బజ్జీల బండి దగ్గర సాయంత్రం అరటికాయ బజ్జీ వేయించి ఇమ్మనండి. ఇచ్ఛాపురం దాటాక ఒడిశా వాళ్ల దాల్మా అడగండి, పప్పులో కూరగాయ ముక్కలు వేసి వండుతారు, అన్నంలోకి బాగుంటుంది. మాంసం వండే దాబాలో పప్పు తింటే ఒకే గరిటె వాడతారేమో అన్న అనుమానం మీకుంటే ఆ అనుమానం చాలాసార్లు నిజమే, శాకాహార హోటల్ దొరికేదాకా పళ్లు తినండి. రోడ్డు పక్కన సీజన్లో ముంజలు, పనసతొనలు అమ్ముతారు కదా.

ప్రశ్న: కళింగపట్నం బీచ్‌కి మే నెలలో వెళ్లాం. తాజా చేప వేయించి ఇస్తారని ఆశపడితే అంత బాగాలేదు. ఎందుకు?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీరు వెళ్లిన నెలే కారణం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలతో సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో తీరం పక్కనే కూర్చున్నా మీకొచ్చేది చాలావరకు ఐసులో దాచిన చేపో, చెరువు చేపో. వంశధార సముద్రంలో కలిసే ఆ చోటికి నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పొద్దున్నే వెళ్లండి. వలలు ఒడ్డుకొచ్చే వేళకి ఉంటే చేప మీరే కొని, దగ్గర్లో వేయించి ఇచ్చేవాళ్లకి కూలి ఇచ్చి చేయించుకోవచ్చు. వంజరం ధర ఎక్కువ, మీకు తెలిసిందే. కవళ్లు తీసుకోండి, ముళ్లు ఎక్కువే గానీ పసుపు, ఉప్పు, కారం రాసి పెనం మీద కాల్చితే ఆ కొవ్వు రుచి వంజరంలో రాదు.

ప్రశ్న: పదిహేనేళ్ల కిందట టెక్కలి దాటాక హైవే పక్కన తాటాకు పాకలో భార్యాభర్తలు నాటుకోడి కూర, చోడి (రాగి) సంకటి పెట్టేవారు. మా నాన్నగారు నన్ను అక్కడికి తీసుకెళ్లేవారు. ఆయన ఇప్పుడు లేరు. మొన్న వెళ్తే ఆ చోటు గుర్తుపట్టలేకపోయాను, అంతా మారిపోయింది. వాళ్లు ఉన్నారా, మీకు తెలుసా?
— ఒక పాఠకురాలు, ప్రస్తుతం హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు చెప్పిన గుర్తులు చూస్తే నేను తిన్న పాక అదే అనిపిస్తోంది. రోడ్డు పెద్దది చేసినప్పుడు అలాంటి పాకలు చాలా పోయాయి. పెద్ద రోడ్డు మీద బండి వంద స్పీడులో వెళ్తుంటే పాక కనబడదు, కనబడినా ఆగడానికి దారి ఉండదు, సర్వీసు రోడ్డులోకి దిగాలంటే కిలోమీటరు ముందే తెలిసి ఉండాలి. ఊళ్ల మీదుగా ఫ్లైఓవర్లు వచ్చాక కింద మిగిలిన హోటళ్లకి ఆ ఊరివాళ్లే దిక్కు. నేను ఈ దారిలో తిన్న చోట్లలో సగానికి పైగా ఇప్పుడు లేవు, వాటిలో ఒక్కదానికీ బోర్డు లేదు, ఫొటో లేదు, వాళ్ల చేతి కూర తిన్నవాళ్లకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

వాళ్లు ఉన్నారు. పాక లేదు. పోయిన సంక్రాంతి తరవాత అటు వెళ్లినప్పుడు అడుగుతూ పోతే, సర్వీసు రోడ్డులోంచి ఊళ్లోకి తిరిగే మలుపు దగ్గర రేకుల షెడ్డులో కనిపించారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, కూర్చునే వండుతున్నారు. ఆవిడే వడ్డిస్తారు. కట్టె పొయ్యి అలాగే ఉంది. నాటుకోడి మాత్రం రోజూ లేదు, ముందురోజు చెబితేనే తెప్పిస్తారు, మామూలు రోజుల్లో గుడ్డు కూర, ఎండునెత్తళ్ల వేపుడు, సంకటి. పదకొండుకి మొదలుపెట్టి అయిపోగానే సర్దేస్తారు, ఒంటిగంట దాటి వెళ్తే ఉండదు. సోమవారం తియ్యరు.

మీ ఫోన్ నంబరు పత్రికకి పంపితే అడ్రసు వివరంగా చెబుతాను. వెళ్లినప్పుడు నాన్నగారి పేరు, ఊరు చెప్పండి. ఆవిడ మనుషుల్ని బాగా గుర్తుపెట్టుకుంటారు, నన్ను హెల్మెట్ తియ్యకముందే పోల్చుకున్నారు.